రోడ్డు మీద ఎనిమిది రాళ్ళు

పల్నాడు నుంచి తిరిగొచ్చి మూడు వారాలైంది. ఇంటికొచ్చినవాళ్ళంతా ఫొటోలు చూపించమంటారు. ఎత్తిపోతల జలపాతం చూపిస్తాను, సాగర్ నీళ్ళు చూపిస్తాను, ఆకు లేకుండా ఎర్రగా పూసిన మోదుగ చెట్లు చూపిస్తాను. బాగుందే అంటారు. ఒక్క ఫొటో దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేలితో గబుక్కున పక్కకు తోసేస్తాను. అందులో చూడ్డానికి ఏమీ లేదు. తారు రోడ్డు, దాని మీద ఎండుతున్న మిరపకాయలు, వాటి అంచున వరసగా ఎనిమిది రాళ్ళు. యాత్ర గురించి రాయమని మా సైకిల్ బృందం వాళ్ళు అడిగినప్పుడు ఆ ఫొటో సంగతి లేకుండానే రాద్దామని కూర్చున్నాను. రెండు పేజీలు రాసి చింపేశాను.

నాది తణుకు. ఎక్కడైనా బండ్లు గుద్దుకుంటే వెళ్ళి చూసి, నష్టమెంత, తప్పెవరిది అని ఇన్సూరెన్సు వాళ్ళకు రాసివ్వడం నా వృత్తి. యాభై దాటాక షుగరొచ్చింది. డాక్టరు నడవమంటే నాకు నడక విసుగు పుట్టి సైకిలు కొన్నాను. సన్నటి టైర్లు, ముందుకు వంగిన హ్యాండిలు, పిల్లిలా చప్పుడు చేయకుండా పోయే బండి. ధర మా ఆవిడకు సగమే చెప్పాను. ఆ సగానికే వారం రోజులు నాతో మాట్లాడలేదు. మా వైపు రోడ్లన్నీ పళ్ళెంలా ఉంటాయి, పక్కనే కాలవ, దాని పక్కన కొబ్బరి చెట్లు. ఎక్కుడూ దిగుడూ ఉన్న దారిలో, ఏరూ అడవీ చూస్తూ తొక్కాలని కోరిక పుట్టింది. అలా ఫిబ్రవరి చివర్లో, మూడు రోజులకు, ఒక్కణ్ణే బయల్దేరాను.

నరసరావుపేట: ఉలవ కట్టె

సైకిలును రాత్రి బస్సులో వేసుకొచ్చి, తెల్లవారుజామున నరసరావుపేటలో దిగి ఇడ్లీ తిన్నాను. మా ఊళ్ళో ఇడ్లీ అంటే అల్లం చట్నీ, కొబ్బరి చట్నీ, పైన మర్యాద. ఇక్కడ కారప్పొడి, ఒక గరిటె శనగ చట్నీ, అంతే.

"అల్లం చట్నీ లేదాండీ?" అని అడిగాను.

"ఉన్నది ఇదే. తింటావా, తియ్యమంటావా?" అన్నాడు హోటలాయన. నాకు ఒళ్ళు మండింది. మా గోదావరి మనిషికి ఆ మాట చెంపదెబ్బ లాంటిది. కానీ లేవబోతూ చూస్తే ప్లేటులో నేనడగని రెండు ఇడ్లీలు అదనంగా ఉన్నాయి. "సైకిలు మీద మాచర్ల దాకానా? కడుపు నిండా తిను" అన్నాడు. ముప్పై రూపాయలే తీసుకున్నాడు. ఇక్కడి మాటకూ మనసుకూ ఇంత ఎడం ఉంటుందని ఆ రోజు సరదాగా డైరీలో రాసుకున్నాను.

కోటప్పకొండ వెనక్కి జరిగిపోయాక, పెద్ద లారీల రొద భరించలేక హైవే వదిలి ఊళ్ళ మధ్య రోడ్డు పట్టుకున్నాను. తుమ్మ కొమ్మలకు పత్తి చిక్కుకుని ఉంది. ఒక మలుపు తిరగ్గానే రోడ్డు నిండా కోసి ఎండబెట్టిన ఉలవ మొక్కల కట్టె పరిచి ఉంది. పక్కన తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకరు కూర్చుని చుట్ట తాగుతున్నారు.

"తొక్కు, తొక్కు, ఏం గాదు" అన్నారు.

తొక్కాను. పది గజాలు పోకముందే తీగ వెనక చక్రం గేర్లలో చుట్టుకుపోయి బండి ఆగింది, నేను ఆ ఉలవ కట్టె మీదే మెత్తగా కూలబడ్డాను. ఆయన నవ్వు ఆపుకుంటూ కొడవలి పట్టుకొచ్చి, గేరు పళ్ళ మధ్య నుంచి ఒక్కో తీగే కోసి లాగారు. అరగంట పట్టింది.

"రోడ్డు మీద ఇలా వేస్తే ఎలాగండీ?" అన్నాను.

"తొక్కటానికేగా ఏసింది. బళ్ళు బోతే గింజ రాల్తది. మాకున్న అరెకరానికి ట్రాక్టరు పెట్టి నూర్పిచ్చమంటావా?"

"మరి తొక్కకూడనిది వేస్తే?"

"దానికి రాయి పెడతాం. రాయుంటే తొక్కొద్దని, రాయి లేకపోతే నీ ఇష్టమని. ఈ పక్క డ్రైవర్లందరికీ ఎరికే. రాయి పెట్టిన కాడ లారీవోడు గూడా ఆగి, ఎదురొచ్చే బండిని పోనిచ్చి, అప్పుడు పోతాడు." గుప్పెడు ఉలవలు నా సంచీలో పోశారు. "ఉడకేసుకుని తిను. కాళ్ళకి బలం."

ఈ మాటలు ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, తరవాత నేను చేసిన పని తెలియక చేసింది కాదు. నాకు ఒకరోజు ముందే చెప్పారు. బుద్ధిగా తలూపి మరీ విన్నాను.

పిడుగురాళ్ళ సున్నం, గురజాల కారం

పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల పొడి చెట్ల ఆకుల మీద, ఇళ్ళ కప్పుల మీద, చివరికి నా కనుబొమల మీద కూడా పేరుకుంది. టీకొట్టు అద్దంలో చూసుకుంటే ముసలివాణ్ణయిపోయినట్టు కనపడ్డాను. టీ పది రూపాయలు, పాలు చిక్కన.

చీకటి పడకముందే గురజాల చేరి లాడ్జిలో దిగాను. భోజనం హోటల్లో గోంగూర, దోసకాయ పప్పు, పండుమిరప పచ్చడి. పచ్చడి మా వైపు వేలి కొసన అద్దుకునేంత వేస్తారు. ఇక్కడ గరిటెడు వేశారు. నా కళ్ళ వెంట నీళ్ళు చూసి వడ్డించే ఆవిడ నెయ్యి తెచ్చి, అడక్కుండానే మూడు చెంచాలు పోసింది.

"ఎందుకు తొక్కుతున్నావు సారూ? బస్సుల్లేవా?" అని అడిగింది.

"సరదాకండి."

"కాళ్ళు నొప్పులు తెచ్చుకోటం ఏం సరదా?" అంది. పక్క బల్ల మీదవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. యాత్రలో నేను ఏ బరువూ లేకుండా నవ్విన ఆఖరి పూట అదే.

గురజాల దాటాక

రెండో రోజు పొద్దున తొమ్మిదిన్నర. రెంటచింతల వెళ్ళే దారిలో ఒక ఊరు దాటాక రోడ్డు పల్లానికి దిగుతుంది. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు కూడా మార్చాను. ఒక పక్క మిరప తోటలు, ఇంకో పక్క కాలవ కట్ట, దాని దిగువన సర్కారు తుమ్మ. పల్లంలో వేగం పుంజుకుంటే ఏ వయసువాడికైనా కాస్త పొగరెక్కుతుంది. నాకూ ఎక్కింది. చెమట కళ్ళలోకి కారింది. రోడ్డు సగం మేర పరిచిన మిరపకాయలు కనపడ్డాయి గానీ అంచున పెట్టిన రాళ్ళు కనపడలేదు. ముందు చక్రం మొదటి రాయికి తగిలింది.

మోచెయ్యి చెక్కుకుపోయింది. గేరు పట్టి ఉంచే కొక్కెం వంగింది. హ్యాండిలు మీద కొత్తగా చుట్టించిన పట్టీ చిరిగింది. నిజం చెప్పాలంటే నెత్తురు చూసి కాదు, ఆ పట్టీ చూసి నాకు కోపం నషాళానికి ఎక్కింది.

"ఎవరండీ ఇక్కడ?" అని ఒకసారి కేకేశాను. ఎవరూ పలకలేదు. రెండోసారి కేకేయలేదు. ఎవరైనా వస్తే నా కోపం చల్లారిపోతుందేమోనన్న భయం లాంటిది ఉంది నాలో. కిందపడ్డ సైకిలు అలాగే వదిలేసి ముందు ఫోన్ తీశాను. రాళ్ళ వరసంతా పడేలా ఫొటో తీసి, "ప్రజల రోడ్డు మీద ప్రాణాలతో ఆట" అని రాసి మా బృందం గ్రూపులో పెట్టాను. తరవాత రాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి, కాలవ కట్ట కింద తుమ్మల్లోకి విసిరాను. ఎనిమిదీ. కొన్ని రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది. రాళ్ళు తీస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసి కూడా, ఇది నా తరవాత వచ్చే సైకిలు వాళ్ళ కోసం అని పైకే అనుకున్నాను.

మా నాన్న కూడా దాళ్వా పంట ధాన్యం రోడ్డు మీదే ఆరబోసేవాడు. మా అమ్మ కొబ్బరి మట్టలు అడ్డం పెట్టేది. అదేమీ ఆ నిమిషాన గుర్తు రాలేదు.

మాచర్ల: మస్తాన్ షెడ్డు

వంగిన గేరుతో కిర్రుకిర్రుమంటూ మాచర్ల చేరేసరికి ఫోన్ నిండా మెచ్చుకోళ్ళు. "శభాష్ గురువుగారూ", "మీలాంటివాళ్ళు ఊరికొకరుండాలి". బస్టాండు దగ్గర సైకిలు షెడ్డులో మస్తాన్ అనే నలభై ఏళ్ళ మనిషి నా బండిని తలకిందులు చేసి చూశాడు.

"ఇంత సన్న టైరేంది సార్? ఇది ఇంట్లో గోడకి తగిలిచ్చుకోటానికి బాగుంటది" అన్నాడు. కొక్కేన్ని రెంచీతో కొంచెం కొంచెంగా వంచుతూ, "ఏడ పడ్డావ్?" అని అడిగాడు.

"గురజాల దాటాక మిరపకాయలకు రాళ్ళు పెట్టారండీ రోడ్డు మీద. తగిలింది."

"రాళ్ళున్న కాడ నిమ్మళంగా పోవాల."

"తీసి పారేశానులెండి. ఇంకెవరూ పడకుండా."

మస్తాన్ చెయ్యి ఆగింది. నా వంక చూడలేదు, రెంచీ వంక చూస్తూ అన్నాడు. "కాయ ఉండంగనే తీశావా?"

"ఆ."

"తియ్యకూడదు సార్. కల్లం ఉన్నోళ్ళు రోడ్డెందుకెక్కుతారు? కౌలుకి చేసుకునేవోళ్ళే రోడ్డు మీద పోసుకునేది." కొక్కేన్ని ఇంకొంచెం వంచి, "ఇరవై కిలోమీటర్లే గదా, ఎనక్కిపోయి పెట్టి రారాదా" అన్నాడు. అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఇరవై రూపాయలు తీసుకుని, బండిని గుడ్డతో తుడిచి ఇచ్చాడు.

షెడ్డు బయట రెండు దార్లున్నాయి. ఒకటి వెనక్కి, ఒకటి సాగర్‌కి. ఎండ ముదిరితే ఎత్తిపోతల ఎక్కలేనని నాకు నేను చెప్పుకుని సాగర్ దారి పట్టాను. నిలబడి ఆలోచించింది ఒక్క నిమిషం కూడా ఉండదు.

ఎత్తిపోతల, సాగర్

ఈ భాగం కోసమే నేను వెళ్ళింది. మాచర్ల దాటాక కొండలు దగ్గరకొస్తాయి. నల్లమల అంచు. ఆకురాల్చిన అడవిలో మోదుగలు మాత్రం నిప్పు పెట్టినట్టున్నాయి. రోడ్డు మీద కోతులు కాపలా కాస్తుంటాయి. ఒకటి నా వెనక సంచీ జిప్పు తీసి అరటిపళ్ళు పట్టుకుపోయింది, ఉలవలు మాత్రం నేలపాలు చేసి పోయింది. ఎత్తిపోతల దగ్గర చంద్రవంక వాగు నీళ్ళు అంత ఎత్తు నుంచి పడుతుంటే తుంపర పైదాకా వస్తుంది. పక్కనున్న కుటుంబం వాళ్ళు పులిహోర పొట్లం విప్పి, "తిను అన్నా" అని ఆకులో పెట్టి ఇచ్చారు. ముక్కూమొహం తెలియనివాడికి పెట్టడం ఇక్కడ అలవాటులాగుంది.

సాయంత్రం సాగర్ కుడిగట్టు మీద కూర్చుని చేపల వేపుడు తిన్నాను. నీళ్ళు తగ్గి, ఒడ్డు రాళ్ళ మీద ఒకదాని కింద ఒకటిగా పాత నీటి గీతలు కనపడుతున్నాయి. మా గోదావరి వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. ఇక్కడ కృష్ణ కొండల మధ్య బిగపట్టుకుని ఉంటుంది. ఇంత అందం ముందు కూర్చుని నేనేం చేస్తున్నానయ్యా అంటే, గ్రూపులో ఎన్ని బొటనవేళ్ళు వచ్చాయో లెక్కపెడుతున్నాను. నలభై ఒకటి. ప్రతి బొటనవేలు చూసినప్పుడూ మస్తాన్ చెయ్యి ఆగడం గుర్తొచ్చింది. ఒక పూటకు ఏమీ అయి ఉండదులే, ఎవరో ఒకరు చూసి మళ్ళీ పెట్టుకుని ఉంటారులే అనుకుని పడుకున్నాను.

తిరుగుదారి

మూడో రోజు అదే దారి. ఆ పల్లం దగ్గరపడుతుంటే తల వంచుకుని గట్టిగా తొక్కి దాటేద్దామనుకున్నాను. కానీ రోడ్డు దాటనివ్వలేదు. అక్కడ తారు ఎర్రగా ఉంది. కాయలు చితికి, మీదుగా పోయిన బళ్ళకింద పొడి అయి, గాలికి లేస్తున్నాయి. నా ముందు ఆటో ఒకటి పోయింది. ఒక్కసారిగా కళ్ళలో నిప్పు పోసినట్టయింది. తుమ్ముల మీద తుమ్ములు. కళ్ళు తెరవలేక సైకిలు దిగి రోడ్డు పక్కన కూలబడ్డాను.

"కళ్ళు నలపబాక, నలపబాక" అంటూ ఎవరో ఆడమనిషి పరిగెత్తుకొచ్చింది. నా తల వెనక్కి వంచి, చెంబుతో నీళ్ళు, తరవాత మజ్జిగ పోసి కడిగింది. నాలుగోసారికి కళ్ళు తెరుచుకున్నాయి. ముప్పై అయిదేళ్ళుంటాయి. నెత్తికి తువ్వాలు, భర్త పాత చొక్కా చీర మీద తొడుక్కుంది. పేరు మంగ అనుకోండి.

"నిన్న లారీ తొక్కిందన్నా. ఘాటు ఇంకా పోలేదు" అంది.

రోడ్డు పక్కన పట్టా మీద కాయల రాశి ఉంది. దానికి ఈ చివర చితికినవీ మంచివీ ఏరుతూ ఉన్న మంగే లేచి వచ్చింది. ఆ చివర ఇంకో ఆవిడ, యాభై ఏళ్ళావిడ, ఇటు వీపు పెట్టి కూర్చుని అదే పని చేస్తోంది. ఆవిడ మంగ తోటికోడలు కోటమ్మ. ఇద్దరూ కలిసి పదేళ్ళుగా రెండెకరాలు కౌలుకు చేస్తున్నారు. మగవాళ్ళిద్దరూ లారీల మీద హమాలీకి పోతారు, సేద్యమంతా వీళ్ళదే. పట్టా మధ్యలో ఒక గోనె అడ్డంగా పరిచి ఉంది. రాశిని రెండు చేసిన గుర్తు.

మంగ నా మోచెయ్యి చూసింది. "అయ్యో, ఇదేంది?"

"గేదె అడ్డమొచ్చిందమ్మా. మాచర్ల దగ్గర" అన్నాను. ఆలోచించే పని లేకుండానే అబద్ధం నోట్లోంచి ఊడిపడింది. ఆవిడ పసుపు తెచ్చి అద్దింది.

రెండు క్యారేజీలు

ఎండ తగ్గేదాకా కదలొద్దని చింతచెట్టు కింద కూర్చోబెట్టారు. మంగ తన క్యారేజీ విప్పి అన్నం, పప్పు పెట్టింది. రెండు ముద్దలు తిన్నానో లేదో, కోటమ్మ కూడా తన క్యారేజీ తెచ్చి నా ముందు పెట్టింది. మంగ వంక చూడకుండా, "ఇది గూడా తిను అయ్యా. గోంగూర" అంది. అప్పటిదాకా ఇద్దరిదీ ఒకటే క్యారేజీ అట. నిన్నటి నుంచి వేరు.

అడక్కుండా ఉండాల్సింది. అడిగాను. "ఏమైందమ్మా?"

"ఏమవుతది? రాళ్ళు పెట్టకుండా తోటలోకి పోయింది. లారీవోడు దిగి నాతో చెప్పాడు గదా. బస్సు ఎదురొచ్చిందమ్మా, రాయుంటే ఆగేవోణ్ణి, రాళ్ళు లేకపోతే ఎత్తుకోంగ మిగిలిన తాలు కాయలనుకున్నా అన్నాడు. పాపం, ఆయన తప్పేముంది?" కోటమ్మ గొంతు పెంచకుండానే చెప్పింది. "కాయ పోయిందని గాదు అయ్యా. నేనైనా మరుస్తాను. మరిచిపోయానక్కా అంటే పోయేది. పెట్టాననే అంటంది. ఎనిమిది పెట్టానంట. రాళ్ళకి కాళ్ళొచ్చినయ్యా? పదేళ్ళలో నాతో అబద్ధమాడలేదు, ఇప్పుడాడింది. ఇంకేం సేద్యం జేస్తాం కలిసి? ఈ కోతతో సరి."

మంగ నాకు మజ్జిగ పోస్తూ, నాతోనే అన్నట్టు చెప్పింది. "పెట్టానన్నా. పిల్లల మీద ఒట్టేశా. ఇనదు."

నా జేబులో ఫోన్ ఉంది. అందులో ఎనిమిది రాళ్ళున్నాయి, పైన టైముతో సహా. ఆ ఫోన్ తీసి చూపిస్తే మంగ అబద్ధాలకోరు కాదని అర నిమిషంలో తేలిపోతుంది. ఎందరివో తప్పులు అలా ఫొటోలు పెట్టి తేల్చినవాణ్ణి. ఫోన్ తీయలేదు. రెండు క్యారేజీల అన్నమూ మెతుకు మిగలకుండా తిన్నాను, వదిలేస్తే ఎందుకని అడుగుతారని. చెయ్యి కడుక్కుని, ఇద్దరికీ విడివిడిగా దణ్ణం పెట్టి బయల్దేరాను. "పదిలంగా పో అన్నా. గేదెలు జాగర్త" అంది మంగ. తల కొట్టేసినట్టయింది.

టీకొట్టు

ఆరు కిలోమీటర్లు వచ్చి టీకొట్టు దగ్గర ఆగాను. గ్లాసు పట్టుకున్నానో లేదో ఫోన్ మోగింది. నా ఫొటో కింద ఇంకో బొటనవేలు. నలభై రెండు. దాని కింద ఎవరో, "ఇలాంటి రైతులకు బుద్ధి చెప్పారు సార్" అని రాశారు.

సిగ్గు అనే మాట ఎన్నోసార్లు వాడి ఉంటాను. అది ఒంట్లో ఎక్కడుంటుందో ఆ రోజు తెలిసింది. చెవుల దగ్గర మొదలై, పసుపు రాసిన మోచెయ్యి దాకా వచ్చింది. టీ అలాగే పెట్టేసి వెనక్కి తొక్కాను. దార్లో ఏం చెప్పాలో నాలుగు సార్లు అనుకున్నాను. నేనే తీశానమ్మా, నన్ను క్షమించండి. ఇంతే గదా, నాలుగైదు మాటలు.

కోటమ్మ దగ్గరికి నేరుగా పోయి ఫోన్ చూపించాను. "నిన్న ఇటు పోతూ తీశానమ్మా. ఇందాక గుర్తు రాలేదు."

అబద్ధంతోనే మొదలుపెట్టాను, చూశారా.

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. దూరంగా పట్టుకుని చూసింది. వేలితో తాకుతూ, "ఒకటి, రెండు" అని ఎనిమిది దాకా లెక్కపెట్టింది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

"ఏమే మంగా, ఇటురా" అంది చివరికి. మంగ వచ్చి పక్కన నిలబడింది. "పెట్టావే నువ్వు."

"చెప్పాగా అక్కా."

"చెప్పావు. నేనే ఇనలా." కోటమ్మ మంగ భుజం పట్టుకుని, ఆ చొక్కా మీద అంటిన ఎర్ర పొడి దులిపింది. దులుపుతూ ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "దేవుడల్లే వచ్చావు అయ్యా. ఫొటో తీసినోడివి, తీసిపారేసినోణ్ణి చూడలా?"

అప్పుడు చెప్పాలి. దానికోసమే ఆరు కిలోమీటర్లు వెనక్కి వచ్చాను. దేవుడల్లే అన్న మాట అడ్డం పడింది.

"లేదమ్మా" అన్నాను.

మంగ ఇంకా ఫొటోనే చూస్తోంది. నేనూ వంగి చూశాను. అప్పటిదాకా నేను గమనించని సంగతి ఒకటి ఉంది అందులో. ఫొటో కింది మూలన, మొదటి రాయి పక్కన, పక్కకు పడి ఉన్న సన్నటి చక్రం. చిరిగిన హ్యాండిలు పట్టీ వేలాడుతోంది. మంగ తలెత్తి నా సైకిలు చూసింది. తరవాత నా మోచెయ్యి చూసింది. కోటమ్మ వెనక్కి తిరిగి అడ్డంగా ఉన్న గోనె తీసేస్తోంది.

మంగ ఫోన్ నా చేతిలో పెట్టి, "పద అన్నా, రోడ్డు దాకా వస్తా" అంది.

తుమ్మల్లో

రోడ్డు మీదికి వచ్చాక ఆగింది. కోటమ్మకు వినపడనంత నెమ్మదిగా అంది.

"ఏడ పడేశావో చూపియ్యి. రేపటికి కావాల. ఈ పక్కంతా నల్లరేగడి, రాళ్ళు దొరకవు. ఊళ్ళోంచి మోసుకొచ్చినయ్యి."

నేను ఏదో అనబోయాను. జేబులోంచి పర్సు తీయబోయాను కూడా, అదీ ఒప్పుకోవాలి. ఆవిడ చూసి తల అడ్డంగా ఊపింది. "కాయకి ఇస్తావు. మా అక్క నన్ను నిన్నంతా అన్న మాటలకి ఏమిస్తావు? పెట్టుకో లోపల. మా అక్కకి చెప్పబాక. మావోళ్ళు సాయంత్రం దిగుతారు, ఊరుకోరు."

నన్ను కాపాడుతోంది ఆవిడ. నేను కట్ట దిగాను. సర్కారు తుమ్మ ముళ్ళు ఆ సైకిలు బట్టల్లోంచి నేరుగా దిగాయి. ఒక్కో రాయీ వెతికి, ఎత్తి, గట్టు మీదికి అందిస్తుంటే మంగ అందుకుని పెట్టుకుంది. విసిరేటప్పుడు కోపంలో బరువు తెలియలేదు. మోసేటప్పుడు తెలిసింది. ఒకావిడ వీటిని ఊరి నుంచి ఇక్కడి దాకా నెత్తిన మోసి ఉంటుంది, ఎన్నిసార్లు తిరిగి ఉంటుందో అనుకున్నాను. ఏడు దొరికాయి. ఎనిమిదోది ఎంత వెతికినా కనపడలేదు. కాళ్ళూ చేతులూ గీరుకుపోయాయి.

"ఇసురుగానే ఇసిరావు" అంది మంగ పైనుంచి. కోపంగా అనలేదు. "చాల్లే, పైకి రా."

నేను పైకి వచ్చేసరికి ఆవిడ ఏడు రాళ్ళనూ రోడ్డు అంచున ఒక్కొక్కటే పెడుతోంది. ఎనిమిదోది లేని లోటు తెలియకుండా కొంచెం కొంచెం ఎడంగా జరిపింది. నేనే అన్న మాట ఆవిడతో కూడా నేను అనలేదు. ఆవిడ తెలుసుకుంది, నేను చెప్పలేదు. రెండూ ఒకటి కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ ఫొటోకు బొటనవేలు పెట్టిన నలభై రెండు మందీ చదవాలి. తీసింది నేనే. తెలిసే తీశాను.

సైకిలు ఎక్కలేదు. రాళ్ళ పక్కనుంచి నడిపించుకుంటూ వచ్చాను. ఆఖరి రాయి దాటుతుంటే మంగ పిలిచింది. తిరిగి చూశాను.

"మజ్జిగ తాగి పో అన్నా. చెమటలు పట్టినయ్యి" అంది.